పున్నమి ఘాట్ పడవలు: ప్రతిబింబం వెలవెలబోతోంది

ప్రశ్న: విజయవాడ పున్నమి ఘాట్ మెట్ల మీంచి, పొద్దున్నే పడవ ఫోటో తీస్తున్నా: ఎఫ్/8 (లెన్స్ రంధ్రం), 1/60 (సెకన్లలో షట్టర్ వేగం), ఐఎస్ఓ 200 (వెలుగుకి కెమెరా స్పందన). లెన్స్‌కి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంది. ఆకాశం తెల్లగా మాడిపోతోంది, నీళ్లలో పడవ ప్రతిబింబం వెలిసిపోతోంది. ఏం మార్చాలండీ?

జవాబు: ముందు పోలరైజర్ సంగతి చూడండి. నీటి మెరుపుతో పాటు ప్రతిబింబాన్నీ అదే తినేస్తుంది. ప్రతిబింబం నిండుగా కనిపించేదాకా తిప్పండి, లేదా తీసేయండి. ఆఖరి మెట్టుకి దిగి, కెమెరాని నీటికి జానెడెత్తున పెట్టండి. చూపు ఎంత ఏటవాలుగా పడితే నీరు అంత అద్దమవుతుంది.

జవాబు: 1/60కి అలలు కలిసిపోయి అంచులు చెదురుతాయి. 1/250, ఐఎస్ఓ 800 పెట్టి, ఆకాశం మాడకుండా ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) -0.7కి దించండి. నీళ్లలో ఆకాశం ఎలాగూ పైదానికన్నా చీకటిగానే వస్తుంది. రా ఫైల్లో (కెమెరా దాచే మూల ఫైలు) నీడల్ని కాస్త లేపితే చాలు.

జవాబు: పడవ ముక్కు ముందు ఖాళీ వదలండి. తెడ్డు కొన ప్రతిబింబం కింది అంచున తెగకూడదు, అవతలి గట్టు గీత సరంగు మెడ మీదుగా పోకూడదు. గాలి లేవకముందే తీసేయాలి సుమా.