ఒరెస్టెస్‌ను వదిలేయడం న్యాయమేనా?

గట్టుమీద పిట్ట:
క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ఆడిన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ మూడు నాటకాలూ వరసగా చదివాను. ట్రాయ్ నగరం మీదికి యుద్ధానికి ఓడలు కదలాలని గ్రీకు రాజు అగమెమ్నన్ కన్నకూతురు ఇఫిజెనియాను బలిచ్చాడు. గెలిచి ఇంటికొస్తే భార్య క్లైటెమ్నెస్ట్రా స్నానాల తొట్టెలో వలలాంటి బట్ట కప్పి పొడిచింది. కొడుకు ఒరెస్టెస్ అపోలో దేవుడి ఆజ్ఞతో తల్లిని చంపాడు. ఏథెన్స్‌లో విచారణ జరిగితే ఓట్లు సమానమై బయటపడ్డాడు. నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

పాత నాణెం:
న్యాయమే. అగమెమ్నన్ తండ్రి అత్రియస్ తన తమ్ముడు థయెస్టెస్‌కి అతని పిల్లల్నే వండి పెట్టిన నాటి నుంచీ ఆ ఇంట్లో చావుకు చావే బదులు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. పైగా ఒరెస్టెస్ కసాయివాడు కాదు. తల్లి రొమ్ము చూపి ‘ఈ పాలు తాగి పెరిగావురా’ అనగానే చెయ్యి ఆగిపోయింది, ‘ఏం చెయ్యను?’ అని స్నేహితుణ్ణి అడిగాడు. నాటకమంతా నోరు విప్పని ఆ పిలడీస్ అప్పుడు మూడే పంక్తులు పలికాడు: దేవుడి మాట ఏం కావాలని.

ముంగిలి:
ఆగడం వేరు, న్యాయం వేరండీ. ఏ వాదనతో వదిలారో చూడండి. బిడ్డను కన్నది తండ్రేనట, తల్లి ఆ విత్తనాన్ని కాపాడే పరాయిదట! అపోలో మాట ఇది. రుజువుగా తల్లి లేకుండా పుట్టిన దేవత, ఆ విచారణ నడిపిన ఎథీనాను చూపించాడు. ఆమె ఓటూ ఒరెస్టెస్‌కే. ఇద్దరు పిల్లల్ని మోసి కన్నదాన్ని, అక్కడ పుస్తకం మూసేశాను. మన పరశురాముడి తల్లి మళ్ళీ లేచి కూర్చుంది. క్లైటెమ్నెస్ట్రాకి ఆ వరమూ లేదు.
ఇంకోటి. ఇఫిజెనియా ఇంటిని శపిస్తుందేమోనని బలిపీఠం దగ్గర నోరు కట్టేశారు. తండ్రి విందుల్లో పాటలు పాడిన పిల్ల. విచారణలో ఆమె పేరు ఒక్కరైనా ఎత్తారా?

పాత నాణెం:
ఎత్తలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఒరెస్టెస్‌ను తరిమిన ఎరినీలు, అంటే రక్తసంబంధీకుల హత్యకు పగతీర్చే దేవతలు, మాత్రం? భర్త రక్తసంబంధం కాదు కాబట్టి అతని హత్య మాకు పట్టదన్నారు. వాళ్ళ చేతిలో పెడితే న్యాయం జరిగేదా?

గట్టుమీద పిట్ట:
ఇద్దరి మాటా విన్నాక ఇదే కథ మీద మరో గ్రీకు నాటకకర్త యూరిపిడెస్ రాసిన ‘ఎలెక్ట్రా’ మళ్ళీ తీశాను. అందులో ఒరెస్టెస్ కళ్ళకు బట్ట అడ్డం పెట్టుకుని తల్లిని పొడుస్తాడు. తర్వాత అతనూ, అక్క ఎలెక్ట్రా ఏడుస్తూ శవం మీద బట్ట కప్పుతారు. అప్పుడు దేవుడైన కాస్టర్ దిగివచ్చి, ఆమెకు తగిందే జరిగింది కానీ నువ్వు చేసింది న్యాయం కాదంటాడు. నాకు ఆ తీర్పే సరైందనిపించింది. ఆ కాస్టర్ ఎవరో కాదు, క్లైటెమ్నెస్ట్రా తోడబుట్టినవాడు.