రకరకాల కుటుంబాల గురించి పిల్లలకు ముందే చెప్పాలా, అడిగాక చెప్పాలా?

నీలిమేఘం: మా నాలుగేళ్ళ పాప నిన్న "మా క్లాసులో ఒక బాబుకి నాన్న లేరంట, ఎందుకు?" అని అడిగింది. వాళ్ళమ్మ ఒక్కతే పెంచుతోందని మాత్రం నాకు తెలుసు. ఇంత చిన్నప్పుడే ఇవన్నీ ఎందుకని మావారు అంటున్నారు. మీరేమంటారు?

పాతచెట్టు: మీవారి మాటే నాదీ. విడాకులు, దత్తత అంటూ పిల్లల బుర్రలో ఇప్పుడే టెన్షన్ పెట్టడం దేనికి? మే 15న అంతర్జాతీయ కుటుంబ దినోత్సవం ఉండనే ఉంది, 1993లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. బడిలో ఆ రోజు నాలుగు ముక్కలు చెప్తే సరిపోతుంది.

సుద్దముక్క: చిన్నపిల్లల టీచర్ని. పాతచెట్టు గారూ, ఏడాదికోసారి పాఠం పెడితే క్లాసంతా ఒక్క పిల్లాడి వైపే తిరిగి చూస్తుంది. మామూలు రోజుల్లో మాటల మధ్యలో వచ్చిపోవాలి. "అమ్మానాన్నల బొమ్మ వెయ్యండి" అనే బదులు "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారో వెయ్యండి" అంటాను. ఒకరు అమ్మమ్మను వేస్తారు, ఇంకొకరు కుక్కను కూడా వేస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు.

నీలిమేఘం గారూ, మీ పాప అడిగిన ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉండి ఉండొచ్చు: "మా నాన్న కూడా వెళ్ళిపోతారా?" రెండు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలు దేన్నైనా తమ వైపు నుంచే చూస్తారని పిల్లల ఆలోచనా తీరును పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే అన్నది ఇలాంటిదే. ముందు ఆ భయం తీర్చండి. విడిపోయిన ఇళ్ళ పిల్లలైతే "నేను అల్లరి చేశాననే నాన్న వెళ్ళిపోయారు" అనుకుంటారు. నీ వల్ల కాదని వాళ్ళకు ఒక్కసారి చెప్తే చాలదు, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. చనిపోయినవాళ్ళను "నిద్రపోయారు" అనకండి, రాత్రి పడుకోవడానికే భయపడే పిల్లలుంటారు.

పాతచెట్టు: బాగానే ఉంది. మరి రేపు ఇద్దరు అమ్మలున్న ఇంటి గురించి కూడా చెప్తారా? ఆ నిర్ణయం తల్లిదండ్రులది కాదా?

సుద్దముక్క: ఆ ఇంటి పాప నా క్లాసులో ఉంటే తప్పకుండా చెప్తాను. "తనకి ఇద్దరు అమ్మలు" అంటాను, అక్కడితో ఆపేస్తాను. నాలుగేళ్ళ వాళ్ళు అంతకుమించి అడగరు కూడా, వెంటనే ఆటల్లో పడిపోతారు.

చిరుగాలి: మాది దత్తత కుటుంబం. మా బాబుకి మాటలు రాకముందు నుంచే ఆ సంగతి చెప్తూ వచ్చాం, ఫలానా రోజు కూర్చోబెట్టి గుట్టు విప్పే అవసరం రాకూడదని. అందుకే "అడిగాక చెప్దాం" అనే వాదన నాకు నచ్చదు. అలాగని టీచర్ గారితో కూడా పూర్తిగా ఏకీభవించను. దత్తత అంటే ఏమిటో క్లాసుకి చెప్పండి, మా వాడిని మాత్రం ఉదాహరణగా చూపకండి. వాడి కథ ఎవరికి చెప్పాలో వాడిష్టం. నీలిమేఘం గారికీ అదే చెప్తాను: ఆ బాబుకి నాన్న ఎందుకు లేరో మీకు తెలియదు కదా, ఊహించి చెప్పకండి. "కొన్ని ఇళ్ళల్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, ఎందుకన్నది వాళ్ళింటి విషయం" అంటే చాలు.

సుద్దముక్క: చిరుగాలి గారూ, ఒప్పుకుంటున్నా. కానీ పక్కనున్న పిల్లే "నీ అసలు అమ్మ ఎవరు?" అని అందరి ముందూ అడిగేస్తే? నేను ఊరుకుంటే అదేదో సిగ్గుపడాల్సిన విషయం అనుకుంటారు. అప్పుడు నేనేం అనాలో మీలాంటివాళ్ళు ముందే చెప్పి ఉంచితే మేలు.

పాతచెట్టు: నేను అడుగుతున్నదీ అదేనండీ. ముందు తల్లిదండ్రులతో మాట్లాడాలి, తర్వాతే క్లాసు.