కొండ మీద సూర్యాస్తమయం చూసి అదే సాయంత్రం కిందికి దిగిపోవచ్చా?

తొలినడక:
అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి అడవిలోంచి వెళ్ళే ఒక కాలిబాట పట్టుకుని కొండెక్కి, పైన వ్యూపాయింట్‌లో సూర్యాస్తమయం చూసి దిగిపోదామనుకుంటున్నాం. మ్యాప్‌లో ఒకవైపు 6 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 700 మీటర్లు అని ఉంది. మాలో ఇద్దరికి రోజూ వాకింగ్ అలవాటుంది, మిగతా ఇద్దరికీ లిఫ్ట్ పాడైతే రెండంతస్తులెక్కడమే గగనం. ఆరు కిలోమీటర్లే కదా, నాలుగింటికి మొదలుపెడితే ఐదున్నరకల్లా పైన ఉంటామని మావాడొకడు తేల్చేశాడు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. దిగేటప్పుడు ఎలాగూ చీకటి పడుతుంది, ఫోన్ టార్చ్ సరిపోతుందా? పైగా అక్కడ సిగ్నల్ ఉండదట, అదొక టెన్షన్.

వాలుగీత:
మీకు తేడా కొట్టడం కరెక్టే. మీవాడు దూరం లెక్కేశాడు గానీ ఎత్తు లెక్కేయలేదు. నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటుంది, ఇప్పటికీ అందరూ దాంతోనే మొదలుపెడతారు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మీ దారికి వేసి చూడండి, దూరానికి గంటా పన్నెండు నిమిషాలు, ఎత్తుకి గంటా పది, అంటే దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు. అదీ ఎక్కడా ఆగకుండా, అలవాటున్నవాళ్ళు నడిస్తే. నీళ్ళకి, ఫోటోలకి, ఆయాసానికి ఆగుతారు కదా, పైగా రెండంతస్తుల బ్యాచ్ ఉంది కాబట్టి మూడున్నర గంటలు వేసుకోండి. నాలుగింటికి బయల్దేరితే సూర్యుడు దిగిపోయాక మీరు పైకి చేరతారు.

ఇంకోటి, మ్యాప్‌లో కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు చూడండి. అవి ఎక్కడ ఒకదానికొకటి ఆనుకున్నట్టు దగ్గరగా ఉంటే అక్కడ వాలు నిటారుగా ఉన్నట్టు. చాలా కొండల్లో మొదటి సగం సాఫీగా సాగి, మిగిలిన ఎత్తంతా చివరి ఒకటిన్నర కిలోమీటర్లో పెట్టి ఉంటుంది. చెట్ల సందుల్లో ఆకాశం కనబడగానే పైకొచ్చేశామనుకుంటాం, తీరా వెళ్తే అదో గట్టు, దాని వెనకాల అసలు కొండ తాపీగా నిలబడి ఉంటుంది. కొత్తవాళ్ళు డీలా పడేది సరిగ్గా అక్కడే.

రాత్రిదారి:
సాయంత్రం వద్దే వద్దని మాత్రం నేననను. ముందే పగటిపూట నడిచి చూసిన దారైతే, మనిషికొక తలకి తగిలించుకునే హెడ్‌ల్యాంప్ ఉంటే, సూర్యాస్తమయం చూసి దిగడం హాయిగానే ఉంటుంది. కానీ మీకది కొత్త దారి, అందులో ఇద్దరు కొత్తవాళ్ళు. అలాంటప్పుడు నేనైనా వెళ్ళను.

ఫోన్ టార్చ్ సంగతి మర్చిపోండి. ఒక చెయ్యి దానికే అంకితమైపోతుంది, జారితే పట్టుకోవడానికి ఇంకోటే మిగులుతుంది, పైగా మీకు దారి చూపించాల్సిన ఫోన్ బ్యాటరీనే అది తినేస్తుంది. ఇంకో విషయం చాలామందికి తట్టదు: బయట ఇంకా వెలుతురు ఉండగానే దట్టమైన చెట్ల కింద చీకటి పడిపోతుంది. వాలు మీద ఎండుటాకులు పరుచుకుని ఉంటాయి, వాటి కింద గుండ్రటి గులకరాళ్ళు. పగలే కనబడవు, ఇక రాత్రి చెప్పేదేముంది.

పొద్దుటెండ:
అసలు సూర్యాస్తమయమే ఎందుకు? పడమటివైపు చూసే వ్యూపాయింట్ అయితే సాయంత్రం సూర్యుడికి ఎదురుగా నిలబడతారు. గాలిలో దుమ్మూ తేమా మెరిసి ఎదుటి కొండలన్నీ నీలం నీడల్లా కనిపిస్తాయి. ఫోటోకి బాగుంటుంది, కాదనను, కానీ లోయలో ఏ వాగు ఎటు తిరిగిందో, ఎక్కడ ఊరుందో ఏమీ తెలియదు. అదే చోట పొద్దున నిలబడితే ఎండ మీ వీపు మీద ఉంటుంది, ఎదుటి కొండ మీద చెట్టూ బండా విడివిడిగా కనిపిస్తాయి. తెల్లవారుజామున చల్లటి గాలి లోయలోకి దిగుతుంది కాబట్టి మంచు చాలాసార్లు కిందే పేరుకుని, పైనున్నవాళ్ళకి తెల్లటి చెరువులా కనబడుతుంది. ఎండ ముదిరేకొద్దీ విడిపోతుంది.

చుట్టూ మైదానం కంటే 700 మీటర్ల ఎత్తులో ఉంటే, అడ్డేమీ లేకపోతే, లెక్క ప్రకారం దాదాపు 94 కిలోమీటర్ల దూరం దాకా కనబడాలి (ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణించడమే). నిజంగా అంత దూరం కనబడదు, గాలిలో మసక ఆపేస్తుంది. ముందురోజు మంచి వాన పడి తెరిపిచ్చిన పొద్దున మాత్రం వదులుకోకండి. ఉరుముల మబ్బులు కూడా ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కమ్ముకుంటాయి. ఉరుము వినబడితే వ్యూ గివ్యూ అనుకోకుండా శిఖరం మీంచి దిగిపోవాలి.

తొలినడక:
సరే అండి, మావాడికి నెయిస్మిత్ లెక్క చూపించాను, కాసేపు గింజుకుని ఒప్పుకున్నాడు. పొద్దున ఆరింటికి బయల్దేరతాం. ఇంకో రెండు డౌట్లు. సిగ్నల్ లేకపోతే మ్యాప్ పనిచేస్తుందా? మొన్నటిదాకా వానలు కదా, జలగలుంటాయంటున్నారు, ఏం చెయ్యాలి?

రాత్రిదారి:
పనిచేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చేది వినడమే, దానికి టవర్‌తో పనిలేదు. మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పైన ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, లేకపోతే టవర్ కోసం వెతికీ వెతికీ బ్యాటరీ దిగిపోతుంది. ఆ మోడ్‌లో కూడా లొకేషన్ వస్తుందో లేదో మీ ఫోన్‌లో ముందే చూసుకోండి. దట్టమైన చెట్ల కింద మ్యాప్ మీద మీరున్న చోటు చూపించే చుక్క కాస్త అటూ ఇటూ గెంతుతుంది, దాని వెంట పొదల్లోకి దూరకండి.

ఎక్కేటప్పుడు దారి చీలిన ప్రతిచోటా ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ఎందుకంటే దిగేటప్పుడు అదే చోటు వేరేలా ఉంటుంది. కాళ్ళ దగ్గర బాట శుభ్రంగా ఉండి కొమ్మలు మాత్రం ముఖానికి తగులుతుంటే అది జంతువులు నడిచిన దారి అయ్యుండొచ్చు, ఆగి చూసుకోండి. విజిల్ ఒకటి మెడలో వేసుకోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదితే కొండల్లో తిరిగేవాళ్ళకి అది సాయం కోసం పిలుపు. ఆ అడవిలోకి వెళ్ళడానికి అనుమతి కావాలేమో కూడా ముందే కనుక్కోండి.

వాలుగీత:
జలగకి ఉప్పు చల్లడం, నిప్పు పెట్టడం లాంటివి చేయకండి, అది కడుపులోది గాయంలోకి కక్కే అవకాశం ఉంది. సన్నగా ఉన్న వైపు నోరుంటుంది, అక్కడ చర్మానికి ఆనించి గోటితో పక్కకి తోస్తే పట్టు వదిలేస్తుంది. తర్వాత రెండోవైపు. నెత్తురు గడ్డకట్టకుండా అది ఏదో వదులుతుంది కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది, కంగారుపడక్కర్లేదు, కడిగి గట్టిగా నొక్కిపట్టండి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుంటే సగం గొడవ ఉండదు. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం దగ్గర పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిప్పకుండా నిటారుగా లాగాలి.

దిగే ముందు బూట్ల లేసులు చీలమండ దగ్గర బిగించుకోండి, లేకపోతే పాదం ముందుకి జారి గోళ్ళు బూటుకి కొట్టుకుంటాయి. చిన్న చిన్న అడుగులు వేయండి. తర్వాతి రెండు రోజులు తొడలు నొప్పెడితే అది ఎక్కినందుకు కాదు, ఎక్కువగా దిగినందుకే.

నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి, వెనక పెడితే వాళ్ళు చేరేలోపు మీరు రెస్ట్ తీసుకుని లేచేస్తారు, వాళ్ళకి రెస్టే దొరకదు. పదిన్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని బయల్దేరేముందే నలుగురూ అనుకోండి, మీవాడి చేత ప్రత్యేకంగా ఒప్పించండి.