మార్చిలో రాడిచ్చియో: ఇంట్లో నారా, నేరుగా మడిలోనా?

పెరటిపిచ్చి: ఉండేది న్యూజెర్సీ, ఇక్కడ ఏప్రిల్ ఆఖరు దాకా మంచు భయమే. కియోజా రాడిచ్చియో, ఎండైవ్ గింజలున్నాయి. రెండూ చేదు ఆకుకూరలే; రాడిచ్చియోలో ఈ కియోజా రకం ఆకులు క్యాబేజీలా ముడుచుకుని ఎర్రటి గడ్డ కడుతుంది. ఇప్పుడే ట్రేల్లో నారు పోయాలా, ఏప్రిల్లో మడిలో చల్లాలా?

నారుమడి: చల్లెయ్యండి. పావు అంగుళం లోతు చాలు. మట్టి 50 ఫారెన్‌హీట్ దాటితే మొలుస్తాయి. చలి పంటలు, చంటిపిల్లల్లా సాకక్కర్లేదు.

చేదుప్రియ: ఆ మాటే కొంప ముంచేది. లేత మొక్కకు వారాల తరబడి 50 లోపు చలి తగిలితే శీతాకాలం గడిచిపోయిందనుకుంటుంది. పగళ్లు పొడుగవగానే గడ్డ కట్టకుండా పూత కాడ తోసేస్తుంది. ట్రేలో పోసి, 60 పైన ఉంచి, నాలుగైదు వారాల నారును ఏప్రిల్ చివర్లో పది అంగుళాల ఎడంతో నాటండి.

నారుమడి: నేనన్న 50 మొలకెత్తడానికి. మీ 50 వేరు.

చేదుప్రియ: మొలిచాక మొక్క ఎక్కడికి పోతుందండీ, ఆ మడిలోనే కదా!

ఆకుకూరల అప్పారావు: చేదే కావాలంటే మెంతికూర వేసుకోక ఎందుకీ గొడవ?

నారుమడి: కిటికీ దగ్గర నారు సన్నగా సాగి, నాటగానే వాలిపోతుంది. పైగా దీనిది తల్లివేరు. ట్రే అడుగున చుట్టుకుపోయిందంటే అదీ పూతకే పోతుంది.

చేదుప్రియ: చుట్టుకునేది అదనంగా వారాలు ఉంచితే. లైటు రెండు మూడు అంగుళాల ఎత్తులో పెడితే సాగదు. ముందు మీ మడిలో ఎన్ని గడ్డలు కట్టాయో చెప్పండి.

నారుమడి: గడ్డ ఎవరిక్కావాలి? ఆకు అరచేతి పొడవు రాగానే నేలకు అంగుళం పైన కోస్తాను, మళ్లీ చిగురిస్తుంది. జూన్‌లో పీకేసి బెండ వేస్తా.

చేదుప్రియ: ఇది మొదటే చెప్తే పోయేదిగా! ఆయన కియోజా అన్నారు, అంటే గడ్డకే.

నారుమడి: ఎండైవ్ కూడా అన్నారు.

పెరటిపిచ్చి: గడ్డే కావాలండి. చేదు మాత్రం కాస్త తగ్గాలి.

చేదుప్రియ: ఎండైవ్‌కు కోతకు పది రోజుల ముందు బయటి ఆకులు దగ్గరికి తీసి దారంతో కట్టండి. లోపల వెలుతురు తగలక తెల్లబడి చేదు తగ్గుతుంది. ఆకు పొడిగా ఉన్నప్పుడే కట్టాలి, తడి మీద కడితే నడిమి మొవ్వు కుళ్లుతుంది. కియోజాకు కట్టక్కర్లేదు, తరిగి అరగంట చల్లటి నీళ్లలో వేస్తే చాలు. ఎండలు ముదిరితే మాత్రం ఏం చేసినా చేదే. జూలైలో పోస్తే అక్టోబరు చలికి గడ్డ గట్టిగా, ఎర్రగా వస్తుంది.

నారుమడి: అంటే మార్చిలో పొయ్యొద్దనేగా ఇంతసేపూ మీరనేది?

చేదుప్రియ: సగం గింజలు దాచుకోమంటున్నా.