తెలియక అడిగితే అదీ వివక్షేనా?

రమ్య (కొండాపూర్):
మా టీమ్‌లో కోహిమా (నాగాలాండ్) అమ్మాయి చేరి రెండు నెలలైంది. మొన్న లంచ్‌లో ఆమె డబ్బా మూత తీస్తుంటే, "మీ వైపు కుక్క మాంసం తింటారట, నిజమేనా?" అని అడిగాను. వెక్కిరించాలని కాదు, తెలుసుకుందామనే. ఆమె మూత మళ్లీ పెట్టేసి, "ఈ ఊరొచ్చాక ఇది అడిగిన పదకొండో మనిషివి నువ్వు" అంది. ఆ పూట తినలేదు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. తెలియనిది అడగడం కూడా జాతి వివక్ష కిందకే వస్తుందా? అడగకపోతే ఒకరి గురించి ఒకరికి తెలిసేదెలా?

శ్రీనివాస్ (కరీంనగర్):
మీ తప్పేం లేదండీ. మనవాళ్లు బస్సులో పక్క సీటాయన్ని కూడా ఏ ఊరు, పిల్లలెందరు, జీతమెంత అని అడుగుతారు. అది మన కలుపుగోలుతనం. దానికీ వివక్ష అని పేరు పెడితే రేపటినుంచి ఎవరూ ఆ అమ్మాయితో మాట్లాడరు. ఒంటరిగా కూర్చోబెట్టడం అంతకన్నా ఘోరం కదా?

సుజాత (గుంటూరు):
శ్రీనివాస్ గారూ, బస్సులో ఆయన్ని మీరు అడిగితే, మిమ్మల్ని ఆయనా అడుగుతాడు. ఆ అమ్మాయికి అలా తిరిగి అడిగే వీలుందా?

ప్రశ్న అనేది ఏం చేయగలదో మనకు తెలియంది కాదు. నేను అద్దె ఇంటికి వెళ్లినప్పుడు ఓనరు ఆంటీ మంచినీళ్లిచ్చింది. నవ్వుతూనే ఇంటిపేరు అడిగింది. నాన్న ఏం చేస్తారంది. "నీచు వండుతారామ్మా?" అంది. చివరికి "ఇంతకీ మీరేంట్లు?" అంది. ఒక్క మాట పరుషంగా లేదు. సాయంత్రం ఫోన్ చేసి, చుట్టాలొస్తున్నారు, ఇల్లు ఇవ్వలేం అని చెప్పింది.

రమ్య గారూ, మీరు "డబ్బాలో ఏముంది?" అని అడగలేదు. అది తెలియనిది అడగడం అయ్యేది. మీరు అడిగింది ముందే విన్న మాట నిజమో కాదో తేల్చుకోవడానికి. పైగా ఆ మాట ఆమెకు కొత్త కాదు. వెదురు కొమ్ములు, అఖుని (పులియబెట్టిన సోయా) లాంటివి వండి ఇరుగుపొరుగులో గొడవ తేవద్దని 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థులకు పుస్తకమే వేశారు. 2014 జనవరిలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియా అదే ఢిల్లీలో, తన జుట్టు మీద కామెంట్లతో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. 2020లో ఈ ముఖాలను చూసి "కరోనా" అని అరిచారు. వీటన్నిటి వెనకాల వచ్చింది మీ ప్రశ్న. మీ మనసు మంచిదే కావచ్చు, ఆమెకు వినబడేది మాత్రం ఆ వరస మొత్తం.

వాణి (న్యూజెర్సీ):
సుజాత గారితో సగమే ఏకీభవిస్తాను. మా పక్కింటి పెద్దావిడ ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకు వేస్తారని గంటసేపు అడిగింది. నాకు సంతోషమేసింది. రుచి చూసింది, తన ఈస్టర్ వంటల సంగతి కూడా చెప్పింది. ఇలా అడిగేవాళ్లు లేకపోతే పరాయి దేశంలో బతకడం కష్టం.

అయితే 2022లో బకింగ్‌హామ్ ప్యాలెస్ విందులో బ్రిటన్‌లోనే పుట్టిన ఎన్‌గోజీ ఫులానీని, రాజకుటుంబానికి దగ్గరి మనిషైన లేడీ సూసన్ హస్సీ "అసలు మీది ఎక్కడ?" అని మళ్లీ మళ్లీ అడిగారు. ఆమె చెప్పిన జవాబు చాల్లేదు. తర్వాత హస్సీ క్షమాపణ చెప్పి బాధ్యతల నుంచి తప్పుకున్నారు. చెప్పిన జవాబును నమ్మకుండా అదే అడిగితే అది తెలుసుకోవడం కాదు, నువ్వు ఇక్కడిదానివి కాదని చెప్పడం.

శ్రీనివాస్:
వాణి గారూ, ఒప్పుకుంటాను. కానీ కుక్క మాంసం అమ్మకాన్ని 2020లో నాగాలాండ్ ప్రభుత్వమే నిషేధించింది, 2023లో గౌహతి హైకోర్టు కొట్టేసింది. అక్కడివాళ్లే వాదించుకునే విషయాన్ని మనం అడిగితే నేరమా?

సుజాత:
నేరమని నేను అనలేదండీ. అక్కడ వాదించుకునేవాళ్లు ఆ వాదన ముగించి ఇంటికెళ్లి అన్నం తింటారు. ఇక్కడ ఆమె అన్నం ముందు కూర్చున్నప్పుడు మనం అడిగాం.

రమ్య:
అందరికీ థ్యాంక్స్. ఈరోజు ఆమె సీటు దగ్గరికి వెళ్లి సారీ చెప్పాను. "పర్లేదు" అని మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. లంచ్‌కి మాత్రం ఇంకా క్యాంటీన్‌కి రావడం లేదు.