రేషన్ బియ్యం అందుతున్న ఊళ్లలో అడవి తిండి అవసరం ఎంత?

ప్రశ్న (అంగన్‌వాడీ కార్యకర్త, పాడేరు ప్రాంతం):
2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద మా ఊళ్లలో మనిషికి నెలకు 5 కిలోల చొప్పున, అంత్యోదయ కార్డు ఉన్న ఇంటికి 35 కిలోల బియ్యం అందుతున్నాయి. అయినా గర్భిణుల్లో, పిల్లల్లో రక్తహీనత కనిపిస్తూనే ఉంది. ఈ లోటు తీర్చడానికి చుట్టూ ఉన్న అడవి, చెట్లు ఏ మేరకు ఉపయోగపడతాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పోషకాహార అధ్యాపకురాలు):
పాలిష్ పట్టిన బియ్యం ఆకలి తీరుస్తుంది గానీ, అందులో ఇనుము చాలా తక్కువ. ఏ, సీ విటమిన్లు లేవనే చెప్పాలి. మునగాకులో ఇనుముతో పాటు కాల్షియం, విటమిన్ ఏగా మారే పదార్థమూ ఉన్నాయి. అయితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సీ తోడు కావాలి కాబట్టి, ఆకుకూర వండిన పూటే ఉసిరికాయో జామకాయో తినమని తల్లులకు చెప్పండి. వేయించుకు తినే అడ్డ పిక్కల్లో (అడవిలో పాకే అడ్డతీగ గింజల్లో) మాంసకృత్తులు బాగా ఉంటాయి.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, అరకు):
పాత ధాన్యం అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢ, శ్రావణ మాసాల్లో మన్యం ప్రజలను ఆదుకున్నవి వెదురు కొమ్ములు (లేత మొలకలు), అడవి దుంపలు, మామిడి టెంకలు. టెంక పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి దంచి, ఆ పిండిని గుడ్డలో మూటగట్టి, వగరు పోయేదాకా పారే గెడ్డ నీటిలో ఉంచిన తరువాతే అంబలి కాస్తారు. బూజు పట్టిన టెంకలను మాత్రం ముట్టుకోకూడదు. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో టెంక అంబలి తాగినవారు మరణించారు. అడవి తిండి అన్నానికి తోడుగా ఉండాలే తప్ప, ఇంట్లో ఏమీ లేనప్పటి చివరి దిక్కుగా మారకూడదని నా గట్టి అభిప్రాయం.

జవాబు (ఉద్యాన విభాగ విశ్రాంత ఉద్యోగి):
ఏ చెట్లు పెంచుతున్నామన్నదీ ముఖ్యమే. కాఫీ తోటల్లో నీడకు సిల్వర్ ఓక్ త్వరగా ఎదుగుతుంది, దాని మీదికి మిరియాల తీగా పాకుతుంది. కానీ అది మనిషికి ఒక్క పండైనా ఇవ్వదు. మధ్య మధ్య పనస వేస్తే లేత కాయ కూరకు, పండు పిల్లలకు, గింజలు ఉడికించుకోవడానికి పనికొస్తాయి. పంటకూ అడవి అండ కావాలి: నూనెగింజ పంటైన వలిసెల్లో గింజ బాగా కట్టాలంటే తేనెటీగలు రావాలి, వాటిలో కొన్ని చెట్టు తొర్రల్లో, కొన్ని చెట్ల కొమ్మలకు గూడు కడతాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై ఆదివాసులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. వెదురు కూడా అందులో ఉంది. మీ గ్రామసభ సామూహిక హక్కుకు దరఖాస్తు చేసిందో లేదో ముందుగా కనుక్కోండి.