జారవాల అడవి దారిలో బారాటాంగ్ వెళ్లడం సబబేనా?

మర్రిపాలెం నుంచి:
సంక్రాంతి సెలవులకు కుటుంబమంతా విశాఖ రేవులో ఓడ ఎక్కి అండమాన్ వెళ్లాలనుకుంటున్నాం. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) దిగాక ఒక రోజు బారాటాంగ్ సున్నపురాయి గుహలకని ట్రావెల్స్ వారు కేటాయించారు. ఆ రోడ్డు జారవా తెగవారి రిజర్వు మధ్య నుంచి వెళ్తుందని ఇప్పుడే తెలిసింది. అనుమతులు ఏం కావాలి, అసలు వెళ్లవచ్చా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

గాజువాక నుంచి:
ప్రభుత్వం తెరిచి ఉంచిన రోడ్డు మీద, నిబంధనలు పాటిస్తూ వెళ్లడంలో తప్పు లేదని నా అభిప్రాయం. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర గుర్తింపు కార్డులు చూపి, ప్రయాణికుల వివరాలతో ఫారం నింపి ఇస్తే, నిర్ణీత వేళల్లో పోలీసు కాపలాతో కదిలే కాన్వాయ్‌లో మీ బండిని కూడా వదులుతారు. మొదటి కాన్వాయ్ అందాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. మా పెదనాన్నగారి కుటుంబం చాలా ఏళ్లుగా మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఉంటోంది. ఒంట్లో బాగులేకపోతే వాళ్లు పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి వచ్చేది ఈ రోడ్డు మీదే కాబట్టి, దీన్ని మూసేయాలనే వాదన నాకు రుచించదు.

పెదవాల్తేరు నుంచి:
మీ పెదనాన్నగారి ప్రయాణాన్నీ మన విహారాన్నీ ఒకే గాటన కట్టకండి. ఆయనకు ఆ రోడ్డు అవసరం, మనకు అది ఒక పూట కాలక్షేపం. జారవాలు మొత్తం కలిపి కొన్ని వందల మందే. 1997 చివరి నుంచే వాళ్లు తమంతట తాముగా వచ్చి బయటివారితో కలవడం మొదలైంది, 1999 నాటికే తట్టు వాళ్లలో వ్యాపించింది. బయటి జబ్బులను తట్టుకునే శక్తి లేని మనుషుల మధ్య నుంచి రోజూ బండ్లు బారులు తీరడం ప్రమాదమనే 2002లో సుప్రీంకోర్టు రిజర్వులోని రోడ్డు భాగాన్ని మూసేయమంది. అది ఇప్పటికీ తెరిచే ఉంది. తిండి ఆశ చూపి జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడి దేశమంతా తలదించుకోవలసి వచ్చింది.

నేనూ కొన్నేళ్ల క్రితం ఆ కాన్వాయ్‌లో వెళ్లాను. ఆగకూడదని, ఫోటోలు తీయకూడదని, ఏమీ ఇవ్వకూడదని ముందే చెప్పారు, మా వ్యానులో ఎవరూ ఆ మాట దాటలేదు. అయినా రోడ్డు వారన బిడ్డను ఎత్తుకుని నిలబడిన ఒక తల్లి కనబడగానే డ్రైవరు వేగం తగ్గించాడు, మేమంతా ఒకేసారి కిటికీల వైపు ఒరిగాం, ఆమె బిడ్డను గుండెకు హత్తుకుని అటు తిరిగిపోయింది. మేము ఏ నిబంధననూ మీరలేదు. ఆమెను మాత్రం వింతను చూసినట్టు చూశాం, అది తలుచుకుంటే నాకు నేటికీ బాధగానే ఉంటుంది.

సున్నపురాయి గుహలే చూడాలనుకుంటే మన బొర్రా గుహలు పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరేటంత దగ్గరలో ఉన్నాయి. బారాటాంగ్‌కు కేటాయించిన రోజును స్వరాజ్ ద్వీప్‌లోనో షహీద్ ద్వీప్‌లోనో గడపండి, లేదా సముద్రం మీదుగా లాంగ్ ఐలండ్ వెళ్లి రండి. నికోబార్‌లోని తెగల రిజర్వు ప్రాంతాలకు పర్యాటకులను అనుమతించరు కనుక పాసు ఇప్పిస్తామనే దళారులకు డబ్బు కట్టకండి. బయటివారిని దగ్గరికి రానివ్వని సెంటినలీ తెగ ఉండే ఉత్తర సెంటినెల్ దీవి దరిదాపులకు పడవలో వెళ్లడం కూడా నేరమే.

గాజువాక నుంచి:
అవసరానికీ విహారానికీ మీరు చూపిన తేడాను ఒప్పుకుంటున్నాను. అయితే పర్యాటకులను ఆపాలంటే ముందు స్థానికులకు సరిపడా పడవలు నడపాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు పడవలు ఆగిపోతే రోగిని తీసుకెళ్లడానికి రోడ్డు తప్ప వేరే దారి ఉండదు.

మర్రిపాలెం నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బారాటాంగ్ తీసేయమని ట్రావెల్స్ వారికి ఈరోజే చెప్పాను. మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు, ఓడలో రెండు రోజులకు పైగా పడుతుందంటున్నారు. లాంగ్ ఐలండ్ పడవ ప్రయాణం కూడా ఆమె తట్టుకోగలరా, లేక షహీద్ ద్వీప్‌తో ఆపేయడం మేలా?

పెదవాల్తేరు నుంచి:
అమ్మగారు వస్తున్నారంటే షహీద్ ద్వీప్ చాలు. ఆవిడ మందులు మాత్రం తిరుగు ప్రయాణానికి కూడా సరిపడేటట్టు ఇక్కడే కొని పెట్టుకోండి.